చెక్ తీసేసినా టెస్ట్ పాసవుతోంది, ఎందుకు?

మీరు జావా కోడ్‌ను పరీక్షించే జేయూనిట్ 4లో టెస్ట్ పక్కన 'ఎక్స్‌పెక్టెడ్' అని ఇల్లీగల్ ఆర్గ్యుమెంట్ ఎక్సెప్షన్ (తప్పు విలువ ఇస్తే కోడ్ విసిరే ఎర్రర్) పెట్టారు. అసలు కోడ్‌లో దాన్ని విసిరే చెక్ తీసేసినా టెస్ట్ పాసవుతూనే ఉందంటున్నారు. ఎక్స్‌పెక్టెడ్ అనేది టెస్ట్ మెథడ్ మొత్తానికి వర్తిస్తుందండి. లోపల ఏ లైన్ ఆ ఎక్సెప్షన్ విసిరినా పాసే, మీరు పరీక్షించాలనుకున్న లైన్ దాకా రాకపోయినా సరే.

చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి తూకం, బిల్లుల సాఫ్ట్‌వేర్ మేం చూసేవాళ్లం. తోతాపురి సీజన్‌లో కాయల ట్రాక్టర్ కాటా ఎక్కుతుంది, దించాక ఖాళీ బండిని మళ్లీ తూస్తారు. ఆ తేడా మీదే రైతుకు డబ్బు. ఖాళీ బరువు మొత్తం బరువు కన్నా ఎక్కువ పడితే ఎక్సెప్షన్ రావాలి. దానికి టెస్ట్ ఉంది, ఎప్పుడూ పాసే. తీరా చూస్తే, అందులో తూకం చీటీ తయారుచేసే మొదటి లైన్‌లోనే బండి నంబరు ఖాళీగా ఉంది. అక్కడే అదే రకం ఎక్సెప్షన్ వచ్చి టెస్ట్ ముగిసిపోయేది. బరువుల చెక్ ఒక్కసారి కూడా నడవలేదు. రైతు చేతికి వచ్చే డబ్బు కదా, దీన్ని చిన్న విషయంగా వదిలేయలేం.

మీరు 'అసర్ట్ త్రోస్' వాడండి, మీరిచ్చిన కోడ్ ముక్క ఒక్కటే ఎక్సెప్షన్ విసిరిందా అని అది చూస్తుంది. జేయూనిట్ 4.13లోనే వచ్చింది, దీని కోసం జేయూనిట్ 5కి మారాల్సిన పనిలేదు. లాంబ్డాలో, అంటే దానికిచ్చే ఆ కోడ్ ముక్కలో, ఒకే ఒక్క కాల్ ఉంచి, సెటప్ అంతా బయట పెట్టండి. అప్పుడు సెటప్‌లో ఎక్సెప్షన్ వస్తే టెస్ట్ ఫెయిలవుతుంది.

అసర్ట్ త్రోస్ తాను పట్టుకున్న ఎక్సెప్షన్‌ను మనకు తిరిగి ఇస్తుంది కాబట్టి మెసేజ్ కూడా చూడొచ్చు. మొత్తం వాక్యాన్ని పోల్చకండి, ఎవరైనా ఒక పదం మార్చినా టెస్ట్ విరుగుతుంది. ఏ ఫీల్డ్ తప్పో దాని పేరు ఉందా అని చూస్తే చాలు. నా దృష్టిలో అసలు లాభం వేరే. ఎక్సెప్షన్ వచ్చాక కూడా టెస్ట్ కొనసాగుతుంది, కాబట్టి రైతు ఖాతాలో ఏమీ మారలేదని అక్కడే చూడొచ్చు. ఎక్స్‌పెక్టెడ్‌తో అది కుదరదు, విసిరిన లైన్ తర్వాతివి నడవవు.

ఒక జాగ్రత్త: అసర్ట్ త్రోస్ సబ్‌క్లాస్‌లను, అంటే ఆ ఎక్సెప్షన్ కిందికి వచ్చే రకాలను కూడా ఒప్పుకుంటుంది. నంబర్ ఫార్మాట్ ఎక్సెప్షన్ ఇల్లీగల్ ఆర్గ్యుమెంట్‌కు సబ్‌క్లాసే. బరువును '12,400' అని కామాతో ఇస్తే, దాన్ని అంకెగా మార్చలేక వచ్చిన ఎక్సెప్షన్‌తోనే పాసవుతుంది. అందుకే మేం తూకం తప్పులకు సొంత ఎక్సెప్షన్ క్లాస్ పెట్టుకున్నాం. సబ్‌క్లాస్‌లను ఒప్పుకోని 'అసర్ట్ త్రోస్ ఎగ్జాక్ట్‌లీ' జేయూనిట్ 5.8 నుంచి ఉంది, 4లో లేదు.

పాత ట్రై, ఫెయిల్, క్యాచ్ పద్ధతి ఎక్కడైనా మిగిలి ఉంటే క్యాచ్‌లో త్రోయబుల్ (అన్ని ఎర్రర్లకూ, ఎక్సెప్షన్లకూ మూల రకం) ఉందేమో చూడండి. ఫెయిల్ విసిరే అసర్షన్ ఎర్రర్‌నూ అది మింగేస్తుంది.

చెక్ తీసేసి చూడాలన్న మీ ఆలోచన చాలా మంచిది, మిగతా ఎక్సెప్షన్ టెస్టులకూ చేయండి. ఎక్కువ ఉంటే పిట్ అనే మ్యుటేషన్ టెస్టింగ్ టూల్ ఇలాంటి మార్పులను తానే చేసి, ఏ మార్పును టెస్టులు పట్టుకోలేదో చూపిస్తుంది.