చెల్లే, బిడ్డ కాన్పుకు అమెరికా బయలుదేరే ముందు ఇది చదువు

చెల్లే,

డల్లాస్‌కు టికెట్లు అయ్యాయని ఫోన్‌లో చెప్పినప్పుడు నీ గొంతులో సంతోషం కంటే భయమే ఎక్కువ వినిపించింది. అందుకే రాసి పంపుతున్నాను, నోటితో చెబితే సగం మర్చిపోతావు. నేను నాలుగుసార్లు వెళ్ళొచ్చాను. సెక్యూరిటీ దగ్గర మనం పడే కష్టాల్లో చాలావరకు అక్కడ పుట్టవు, ముందురోజు రాత్రి ఇంట్లో పదిమంది చేరి బ్యాగులు సర్దేటప్పుడు పుడతాయి. ఒకరు డబ్బా పెడతారు, ఇంకొకరు "మా పిల్లవాడికి ఇవ్వు" అని పొట్లం దూరుస్తారు, చివరికి ఏ బ్యాగులో ఏముందో నీకే తెలియదు. అందుకని నీ బ్యాగు నువ్వే సర్దుకో. అతికించిన పొట్లం ఎవరిచ్చినా విప్పి చూశాకే పెట్టు, ఈ విషయంలో మొహమాటం అస్సలు వద్దు.

మొదటిసారి వెళ్ళినప్పుడు పెద్ద బ్యాగులో పగిలిపోతుందేమోనని ఆవకాయ సీసా చేతి బ్యాగులో పెట్టుకున్నాను. సెక్యూరిటీలో ఆపేశారు. ఎండాకాలమంతా దాచి బిడ్డకోసం తీసుకెళ్తున్నది అక్కడే వదిలేసి వచ్చాను, విమానం ఎక్కేదాకా ఏడుపు ఆగలేదు. నీకు ఆ బాధ రాకూడదు. చేతి బ్యాగులో నీళ్ళలాంటివి, నూనె, నెయ్యి, క్రీములు ఏవైనా ఒక్కోటి 100 మిల్లీలీటర్లు దాటకూడదు, అన్నీ కలిపి లీటరు పట్టే ఒకే పారదర్శకమైన జిప్ కవర్‌లో ఉండాలి. పచ్చళ్ళు, నెయ్యి, కారం అన్నీ పెద్ద బ్యాగులోకే. పచ్చడి సీసాలో వద్దు, మందపాటి కవర్‌లో పోసి సీల్ చేయించి, దాన్ని ఇంకో కవర్‌లో పెట్టి, పాత చీరలో చుట్టు. శొంఠి పొడి, పప్పుల పొడులు కూడా చేతి బ్యాగులో పెట్టుకోకు, అమెరికా విమానాల్లో అందులో 350 మిల్లీలీటర్లు, అంటే ఒక కూల్‌డ్రింక్ డబ్బా పట్టేంతకు మించి పొడి ఉంటే విడిగా తనిఖీ చేస్తారు.

ఇప్పుడు అసలు సంగతి, కుడుకలు. బాలింతకు పెట్టాలని నువ్వు ఇప్పటికే తెచ్చిపెట్టి ఉంటావు, నాకు తెలుసు. చేతి బ్యాగులోనూ పెద్ద బ్యాగులోనూ రెండింటిలోనూ పెట్టకు. ఎండు కొబ్బరిలో నూనె ఎక్కువ, వేడికి అంటుకునే గుణం ఉందని విమానాల్లో దాన్ని మండే వస్తువుల లెక్కలో వేశారు. అక్కడి ఇండియన్ స్టోర్లలో దొరుకుతుంది, బిడ్డను కొనమను. అగ్గిపెట్టె, లైటర్ కూడా అంతే, పూజ సామాన్ల సంచిలో ఉండిపోతాయి, వెతికి తీసెయ్యి. ఫోన్ పవర్ బ్యాంక్ మాత్రం దీనికి తిరగబడి ఉంటుంది, అది చేతి బ్యాగులోనే ఉండాలి, పెద్ద బ్యాగులో వేస్తే పిలిచి బయటికి తీయిస్తారు.

కరివేపాకు కొమ్మలు, మాంసం వరుగులు, చికెన్ పచ్చడి అమెరికాలోకి రానివ్వరు. తినేవి ఏమైనా తెచ్చారా అని దిగాక అడిగితే తెచ్చామనే చెప్పు, ఉన్నది ఉన్నట్టు చెబితే మహా అయితే ఒకటి తీసుకుంటారు, దాచితే జరిమానా వేస్తారు.

సెక్యూరిటీ దగ్గర ఫోన్లు, ఛార్జర్లు, బెల్టు, పర్సు ట్రేలో పెట్టాలి. మన దగ్గర ఆడవాళ్ళను తెర వెనక ఆడవాళ్ళే చూస్తారు, పుస్తెలతాడు చూసి కంగారుపడకు. మరిదిగారికి మోకాలు మార్పిడి అయింది కదా, మెషిన్ మోగక ముందే ఆయన్ని చెప్పమను, ఆపరేషన్ కాగితం చేతిలో ఉంచమను. ఇద్దరికీ వీల్‌చెయిర్ ఇప్పుడే అడిగిపెట్టండి, దానికి డబ్బు తీసుకోరు, దారి చూపించే మనిషి దొరుకుతాడు. అడగడానికి సిగ్గెందుకు? మధ్యలో విమానం మారేచోట మళ్ళీ సెక్యూరిటీ ఉంటుంది, లోపల కొన్న నీళ్ళ సీసా అయినా తాగేసి ఖాళీ చేసుకో.

తేదీ రెండుసార్లు చూసుకోండి. పదిహేడో తారీకు తెల్లవారుజామున నాలుగింటికి అంటే పదహారు రాత్రే బయలుదేరాలి, ఇక్కడ పొరపాటుపడి విమానం పోగొట్టుకున్నవాళ్ళున్నారు. మూడు గంటల ముందు లోపలుండాలి కాబట్టి నల్లగొండలో తొమ్మిదికల్లా కారెక్కండి. సంక్రాంతి వెళ్ళిన రెండ్రోజులకే మీ ప్రయాణం, ఊళ్ళనుంచి హైదరాబాద్ తిరిగెళ్ళే బండ్లన్నీ పంతంగి టోల్ దగ్గర బారులు తీరి ఉంటాయి, ఇంకో గంట చేతిలో పెట్టుకుంటే మంచిది. పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే శంషాబాద్‌కు సాఫీగా పోవచ్చు. సాగనంపేవాళ్ళను లోపలికి రానివ్వరు, ఏడ్చేదేదో ఇంట్లోనే ఏడ్చి, టికెట్టు, పాస్‌పోర్టు చేతిలో పట్టుకుని గేటు దగ్గరికి నడవండి.

బీపీ, షుగర్ మాత్రలు డాక్టర్ చీటీతో సహా చేతి బ్యాగులోనే పెట్టుకోండి. షుగర్ మాత్రలు ఏ టైముకు వేసుకోవాలో డాక్టర్‌ను ముందే అడిగి కాగితం మీద రాసుకోండి, గడియారాలు మారితే లెక్క తప్పుతుంది. విమానంలో గంటకోసారి లేచి నడవాలి, నీళ్ళు తాగుతూ ఉండాలి, దిగేటప్పుడు చెవులు మూసుకుపోతే చాక్లెట్ చప్పరించు. బిడ్డ ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు ఇంగ్లీషులో రాయించి పాస్‌పోర్టులో పెట్టుకో.

పదిహేనో తారీకు సాయంత్రం వీడియో కాల్ చెయ్యి, బ్యాగులన్నీ తెరిచి ఒక్కొక్కటీ బయటికి తీసి చూపించు, నేను చూశాకే జిప్ వేద్దువు.

మీ అక్క