రాళ్ల దారిలో దెబ్బతిన్న ట్రక్కుతో మళ్లీ ట్రైలర్ లాగవచ్చా?

మీరు చెప్పింది ఇదీ: రాళ్ల దారిలో పికప్ వెనుక భాగం జారి కుడి చక్రం బండకు కొట్టుకుంది, అడుగు భాగం కూడా రాయి మీద పడింది. ఇప్పుడు స్టీరింగ్‌ను కాస్త వంకరగా పట్టుకుంటేనే బండి నేరుగా వెళ్తోంది. మెకానిక్ గారు వెనుక ఇరుసు మీది కమాను పట్టీలు మార్చి, అలైన్‌మెంట్ (చక్రాలు నేరుగా ఉండేలా సర్దడం) చేస్తే చాలంటున్నారు. దాంతో పడవ ట్రైలర్ మళ్లీ లాగవచ్చా అన్నది మీ సందేహం.

లాగే స్థితికి తేవచ్చు. అయితే ఛాసిస్‌ను, అంటే బండి బరువంతా మోసే అడుగు చట్రాన్ని కొలిచేదాకా ఒక్క విడిభాగం కూడా కొనకండి. నేను ముందు కొని, తర్వాత కొలిచాను. ఆ తెలివితక్కువతనం వల్ల ఒకే పనికి రెండుసార్లు డబ్బు పోశాను.

ఎండిన వాగు దాటుతుంటే నా బండి ఎడమ వెనుక చక్రం గుంతలో దిగి, ఛాసిస్ నేరుగా రాయి మీద కూర్చుంది. బయటికి లాగాక కంటికి కనిపించినవన్నీ బాగు చేయించాను: బంపరు, సైలెన్సరు, రెండు షాక్ అబ్జార్బర్లు, సొట్టపడిన ఆయిల్ సంపు. ఖాళీగా నడిపితే ఏ లోపమూ తెలియలేదు. రెండు నెలల తర్వాత బరువున్న ట్రైలర్ తగిలించి మలుపు తిప్పుతుంటే కింద నుంచి ‘టక్’ మని ఒక్క శబ్దం. ఎత్తి చూస్తే కమాను వెనుక బ్రాకెట్ పక్కన, ఛాసిస్ అడుగు అంచులో బొటనవేలంత పొడవు పగులు. వెల్డింగ్ చేయించాను. నాలుగు నెలలు తిరగకుండానే ఆ వెల్డింగ్‌కు అంగుళం దూరంలో ఇంకో పగులు. అప్పుడుగానీ నాకు జ్ఞానోదయం కాలేదు.

ఖాళీ బండిలో బయటపడని లోపం ట్రైలర్ తగిలించగానే ఎందుకు బయటపడుతుందో చిన్న లెక్క చూడండి. 2,000 కిలోల ట్రైలర్ అయితే హిచ్ బంతి (ట్రైలర్‌ను తగిలించే గుండ్రటి కొక్కెం) మీద సాధారణంగా 10 నుంచి 15 శాతం, అంటే 200–300 కిలోలు పడుతుంది. 250 అనుకుందాం. బంతి వెనుక ఇరుసుకు 1.2 మీటర్ల వెనుక ఉంది, ముందు వెనుక ఇరుసుల మధ్య దూరం 3.2 మీటర్లు అనుకుంటే, ముందు ఇరుసు మీద నుంచి దాదాపు 94 కిలోలు లేచిపోతాయి, వెనుక ఇరుసు మీద దాదాపు 344 కిలోలు అదనంగా పడతాయి. ఇదంతా బండి కదలకుండా ఉన్నప్పటి మాట. గతుకులో పడిన ప్రతిసారీ ఇంతకు చాలా ఎక్కువే పడుతుంది. ఆ బరువంతా మోసేది ఛాసిస్ వెనుక భాగమే. మీ బండికి దెబ్బ తగిలిందీ అక్కడే.

కొలవడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. తూకం గుండు (దారానికి వేలాడే మొనదేలిన గుండు), సుద్దముక్క, టేపు, ఇద్దరు మనుషులు చాలు. చదునైన గచ్చు మీద బండిని ఆపి, ఛాసిస్‌కు రెండు వైపులా ఉండే పొడవాటి ఉక్కు పట్టీల మీద తయారీలోనే ఎదురెదురుగా వేసిన రంధ్రాలు వెతకండి. ముందు, మధ్య, వెనుక భాగాల్లో ఒక్కోచోట నాలుగేసి బిందువులు దొరుకుతాయి. ప్రతి రంధ్రం మధ్య నుంచి గుండు వేలాడదీసి, అది ఊగడం మానేదాకా ఆగి, నేల మీద గుండు మొన కింద సుద్దతో గుర్తు పెట్టండి. బండిని పక్కకు నెట్టేశాక ఛాసిస్ పటం నేల మీద మిగులుతుంది. ప్రతి నాలుగు గుర్తుల మధ్య మూల నుంచి మూలకు రెండు వైపులా కొలవండి. రెండు కర్ణాలూ సమానంగా రావాలి. రెండు మూడు మిల్లీమీటర్ల తేడా మన టేపు తప్పు కావచ్చు. ఆరు దాటితే ఛాసిస్ సరిచేసే బెంచి ఉన్నవారి దగ్గరికి వెళ్లాల్సిందే, తుది మాట మాత్రం తయారీదారు ఇచ్చిన కొలతలదే. నా బండికి ముందు భాగంలో 2, మధ్యలో 3, వెనుక భాగంలో 14 మిల్లీమీటర్ల తేడా వచ్చింది. ఆ పద్నాలుగు చూశాక కాసేపు సుద్దముక్క చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఒక హెచ్చరిక: ఈ పద్ధతిలో పక్క వంకర తెలుస్తుంది గానీ, ఒక పట్టీ పైకో కిందికో వంగితే తెలియదు. దానికి నేల నుంచి ఎత్తులు విడిగా కొలవాలి.

తర్వాత ఇరుసు. స్టీరింగ్ వంకరగా పట్టుకోవాల్సి వస్తోందంటే నాకు మొదటి అనుమానం దాని మీదే. కమాను పట్టీల కట్టను ఇరుసు మీద సరైన చోట నిలిపేది సెంటర్ బోల్టు. దెబ్బకు అది తెగితే ఇరుసు ఒకవైపు వెనక్కి జరిగిపోతుంది. ఎడమవైపు ముందు చక్రం నుంచి వెనుక చక్రం దాకా, కుడివైపు కూడా అలాగే కొలిచి పోల్చండి. ఇరుసు గొట్టమే వంగిందేమో చూడాలంటే రెండు వెనుక టైర్ల మీద ముందువైపు సుద్దతో గుర్తు పెట్టి, వాటి మధ్య దూరం కొలిచి, బండిని అర చుట్టు కదిపి, అవే గుర్తులు వెనుకవైపుకు వచ్చాక మళ్లీ కొలవండి. అవే గుర్తులు వాడితే రిమ్ము సొట్ట లెక్కలోకి రాదు. రెండు కొలతలకూ చెప్పుకోదగ్గ తేడా ఉంటే ఇరుసు గొట్టం వంగినట్టే. ఇక్కడే మీ మెకానిక్ గారి సలహాతో నాకు పేచీ. ముందు చక్రాల అలైన్‌మెంట్‌తో స్టీరింగ్ నిటారుగా కనిపించేలా చేయవచ్చు. వెనుక ఇరుసు మాత్రం వంకరగానే ఉండి, టైర్లను అరగదీస్తూ బండిని పక్కవాటంగా నడిపిస్తుంది. జబ్బు అలాగే ఉంటుంది, గుర్తు మాత్రం చెరిగిపోతుంది.

పగుళ్ల సంగతి. బురద కడిగి, బ్రాకెట్ల చుట్టూ వైరు బ్రష్‌తో రుద్ది చూడండి. పెయింటు మీద సన్నని తుప్పు గీత కనిపిస్తే దాన్ని గీతగా వదిలేయకండి. పగుళ్లు పట్టే ఎర్ర రంగు ద్రవం దొరుకుతుంది. దాన్ని పూసి, కాసేపు ఆగి, పూర్తిగా తుడిచి, పైన తెల్లపొడి స్ప్రే చేస్తే పగులు ఉన్నచోట నెత్తురు ఊరినట్టు ఎర్రగీత పైకి వస్తుంది. నాకు కనిపించిన పగులు బొటనవేలంత, నిజంగా ఉన్నది దానికి రెట్టింపు.

నా ఛాసిస్‌ను బాగు చేసినాయన ముందు గొలుసులతో కట్టి, వేడి చేయకుండా, హైడ్రాలిక్‌తో లాగి వంకర తీశారు. వెల్డింగ్ ఆ తర్వాతే. వంకర మీద వెల్డింగ్ చేస్తే ఆ వంకరే శాశ్వతమవుతుంది. నా మొదటి వెల్డింగ్ పక్కనే మళ్లీ పగిలిందందుకే. పగులు రెండు కొసల్లో చిన్న రంధ్రాలు వేసి అది ముందుకు పాకకుండా ఆపారు, పగులు వెంట వి ఆకారంలో కోసి నింపారు, పైన అదనపు పలక వేశారు. ఆ పలక కొసలు ఏటవాలుగా కోసి ఉన్నాయి. నిటారుగా కోస్తే బలమంతా ఒకే గీత మీద పడి అక్కడే మళ్లీ విరుగుతుందట. ఛాసిస్ అంచుకు అడ్డంగా మాత్రం ఎక్కడా వెల్డింగ్ పెట్టలేదు. మీరు చేయించేటప్పుడు బ్యాటరీ తీగ తీయించండి. వెల్డింగ్ ఎర్త్ క్లిప్పు పని జరిగే చోటికి దగ్గరగా ఉండాలి, లేకపోతే కరెంటు బేరింగుల గుండా పోయి వాటిని పాడుచేస్తుంది. కొన్ని ట్రక్కుల ఛాసిస్ ప్రత్యేకంగా గట్టిపరిచిన ఉక్కు. వేడి తగిలితే దాని బలం పోతుంది, వాటికి వెల్డింగ్ కూడదు. మీ మోడల్ మరమ్మతు పుస్తకం చూడకుండా వెల్డింగ్ టార్చి ముట్టుకోనివ్వవద్దు. ఛాసిస్ పట్టీ కొద్దిగా వంగి ఉంటే సరిచేయవచ్చు. కాగితం మడిచినట్టు మడత పడి ఉంటే, నేనైతే ఛాసిస్ మార్చడమో బండి వదులుకోవడమో ఆలోచిస్తాను.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. డిఫరెన్షియల్ (వెనుక ఇరుసు మధ్యలోని గేర్ల పెట్టె) ఆయిల్ పాలు కలిసినట్టు తెల్లబడితే నీళ్లు చేరాయి, మార్చండి. ప్రొపెల్లర్ షాఫ్ట్‌కు (గేర్‌బాక్సు నుంచి వెనుక ఇరుసును తిప్పే పొడవాటి గొట్టానికి) సొట్ట ఉంటే వేగంలో వణుకు వస్తుంది. బ్రేకు పైపులను వేళ్లతో తడుముతూ చివరిదాకా చూడండి. గేర్‌బాక్సు ఆయిల్ కూలర్ గొట్టాలనూ మరవవద్దు, ట్రైలర్ లాగేటప్పుడు ఆ ఆయిలే ఎక్కువ వేడెక్కుతుంది. కమాను పట్టీలను ఇరుసుకు బిగించే యూ బోల్టులు ఒకసారి విప్పితే మళ్లీ వాడవద్దు, కొత్తవి వేయాలి. హిచ్ బోల్టులు కూడా కొత్తవే వేయండి. హిచ్ బిగించిన రంధ్రాలు గుండ్రంగా కాక కోలగా మారి ఉంటే, అక్కడ లోహం సాగిందని అర్థం.

పని పూర్తయ్యాక వెంటనే పడవ తగిలించకండి. నేను ఖాళీగా వంద కిలోమీటర్లు తిప్పి, ఆ కొత్త యూ బోల్టులను విప్పకుండానే టార్క్ రెంచితో (బిగింపు బలం చూపించే రెంచి) ఇంకోసారి బిగించాను, తర్వాత సగం బరువుతో, ఆ తర్వాతే పూర్తి బరువుతో లాగాను. బాగు చేసిన చోట తెల్ల పెయింటు వేయించుకున్నాను. నల్లటి ఛాసిస్ మీద కనిపించని గీత దాని మీద ఇట్టే కనిపిస్తుంది. ఇప్పటికీ దూరప్రయాణానికి ముందు టార్చిలైటు పట్టుకుని కిందికి దూరి ఆ తెల్లమచ్చ చూసి వస్తాను.

వీలైతే వెనుక భాగం కర్ణాల కొలతలు రెండూ, చక్రాల మధ్య దూరం రెండు వైపులా కొలిచి ఇక్కడ రాయండి. కమాను పట్టీలతో పోయేదో కాదో ఆ నాలుగు అంకెలు చూస్తే చాలావరకు తెలుస్తుంది.