నెలకు రెండు స్నానాలు, 4,400 రూపాయలు: కుక్కకు ఇంట్లోనే నీళ్లు పోస్తే ఎంత మిగులుతుంది?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, మా ఆయనకు చిన్న కిరాణా కొట్టు. ఇద్దరిదీ కలిపి నెలకు 41,000 వస్తుంది. మూడేళ్ల లాబ్రడార్ ఉంది, 30 కిలోలు. నెలకు రెండుసార్లు కారు మాట్లాడుకుని శ్రీకాకుళం తీసుకెళ్లి స్నానం చేయిస్తున్నాం. స్నానానికి 800, కారుకి 1,400. పిడుదులకు మెడ మీద వేసే చుక్కల మందు అప్పుడప్పుడూ వేస్తున్నా అవి పోవడం లేదు. నగల తాకట్టు మీద 60,000 అప్పుంది. 12 శాతం వడ్డీ మాత్రం కట్టి ఏటా తిరగరాయిస్తున్నాం. ఇక ఇంట్లోనే స్నానం చేయిద్దామని టబ్బు, ఒళ్లు ఆరబెట్టే బ్లోవర్ కలిపి 14,000కు నో కాస్ట్ ఇఎంఐలో చూశాం. కొనమంటారా?

జవాబు: వద్దండీ. ఇంట్లో స్నానం చేయించడం మంచి ఆలోచనే, దానికి టబ్బూ బ్లోవరూ అక్కర్లేదు. నో కాస్ట్ అన్న పేరు చూసి ఖర్చు లేదనుకోకండి. చాలాచోట్ల ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది, లోపల లెక్కేసే వడ్డీ భాగం మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది, ఒకేసారి డబ్బు కడితే వచ్చే తగ్గింపు పోతుంది. నగలు తాకట్టులో ఉండగా ఇంకో వాయిదా నెత్తిన పెట్టుకోవడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు.

మీరిప్పుడు ఏడాదికి 52,800 ఖర్చు పెడుతున్నారు. మీ ఆదాయంలో పదో వంతు కన్నా ఎక్కువే. అందులో 33,600 కారు బాడుగే. పైగా ఈ ఖర్చు మీ పిడుదుల మందునే పాడుచేస్తోంది. చుక్కల మందు చర్మం మీది జిడ్డుతో కలిసి ఒళ్లంతా పాకుతుంది. షాంపూ ఆ జిడ్డునే కడిగేస్తుంది. అందుకే మందు వేయడానికి రెండు రోజుల ముందూ, వేశాక రెండు రోజులూ స్నానం ఉండకూడదు. పదిహేను రోజులకోసారి షాంపూ పెడితే నెలంతా పనిచేయాల్సిన మందు మధ్యలోనే పలచబడుతుంది. ఆరోగ్యంగా ఉన్న లాబ్రడార్‌కి నెలకు ఒక స్నానం చాలు. ఆ మధ్యలో బురద తొక్కి వస్తే కాళ్లూ పొట్టా ఉత్త నీళ్లతో కడిగి తుడిస్తే సరిపోతుంది.

పిడుదులు పోకపోవడానికి ఇంకో కారణం ఉంది. అవి బతుకులో ఎక్కువ భాగం కుక్క ఒంటి మీద ఉండవు. గోడ పగుళ్లలో, గడప సందుల్లో, కుక్క పడుకునే గోనె కింద దాక్కుంటాయి. ఆడ పిడుదు అక్కడే వేలల్లో గుడ్లు పెడుతుంది. ఎంత ఖరీదైన స్నానమైనా ఆ గుడ్లను తాకదు. మందు నెల తప్పకుండా వేయాలి, పడక గుడ్డలను వారానికోసారి మరిగే నీళ్లలో ఉడికించాలి, పగుళ్లు సిమెంటుతో పూడ్చాలి. కిరసనాయిలు పూయకండి, చర్మం కాలిపోతుంది. కొబ్బరినూనెలో కర్పూరం కలిపి రాసే అలవాటు మన వైపు ఉంది. కర్పూరం కుక్కలకు విషం, నాకితే ఫిట్స్ రావచ్చు. చుక్కల మందు కాకుండా మాత్ర వాడితే స్నానంతో పేచీ ఉండదు. కాకపోతే మూర్ఛ వచ్చిన కుక్కలకు కొన్ని మాత్రలు పడవు, ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి.

ఇక కొనాల్సిన సామాను. రబ్బరు పళ్ల బ్రష్ 350, చెవులు తుడిచే మందు 350, రెండు మందపాటి తువ్వాళ్లు 300, కుక్కల షాంపూ అర లీటరు 550 వేసుకోండి. మొత్తం సుమారు 1,550. మీ ఊళ్లో ధరలు కాస్త అటూఇటూ ఉంటాయి. షాంపూలో మాత్రం పొదుపు చేయకండి. మనిషి చర్మం కొంచెం ఆమ్లగుణంతో ఉంటుంది, కుక్క చర్మం దాదాపు తటస్థం. మన సబ్బూ, పిల్లల షాంపూ కూడా, పదేపదే వాడితే చర్మం పొడిబారి గోకుడు మొదలవుతుంది. గోకిన చోట పుండు పడితే ఒక్కసారి ఆసుపత్రికి వెళ్లేసరికి ఏడాది షాంపూ డబ్బు పోతుంది.

స్నానం చేయించే పద్ధతి చెబుతాను. తిండి పెట్టి రెండు గంటలు గడిచాక, ఎండ బాగా ఉన్న పూట, పదింటికి మొదలుపెట్టండి. ముందు పొడి ఒంటి మీద పది నిమిషాలు బ్రష్ చేయాలి. ఊడిన బొచ్చు తడిస్తే లోపలి బొచ్చుతో ముద్దగట్టి షాంపూని పట్టేసుకుంటుంది. బాత్రూమ్ గచ్చు మీద తడి గోనెసంచి పరవండి. కాలు జారిన కుక్క బెదిరిపోతుంది, మళ్లీ నెల బాత్రూమ్ గుమ్మం కూడా తొక్కదు. మీరు చూసిన టబ్బు చేసే పనిలో సగం ఈ గోనె చేస్తుంది. చెవుల్లోకి నీళ్లు పోకుండా దూది ఉండలు వదులుగా పెట్టండి.

నీళ్లు పసిపిల్లలకు పోసేంత గోరువెచ్చగా ఉండాలి, మోచేత్తో చూసుకోండి. మూడు బకెట్లు సరిపోతాయి, గీజరు కాల్చేది ఒక యూనిట్ లోపే. 50 మిల్లీలీటర్ల షాంపూని అర లీటరు నీళ్లలో కలిపి పెట్టుకోండి. చిక్కగా పోస్తే ఒకేచోట అంటుకుంటుంది, కడిగినా పోదు. కాళ్ల నుంచి మొదలుపెట్టి తడపండి. నురగ మాత్రం ముందు మెడ చుట్టూ కట్టులా పెట్టండి, అప్పుడు పురుగులు చెవుల్లోకి ఎగబాకవు. ముఖం తడిగుడ్డతో తుడిస్తే చాలు. నురగ ఐదు నిమిషాలు, డాక్టరు రాసిన మందు షాంపూ అయితే పది నిమిషాలు, గడియారం చూసి ఉంచండి.

అసలు పని కడగడంలో ఉంది. రుద్దడానికి పట్టిన సమయానికి రెట్టింపు కడగాలి. చంకలూ, పొట్ట కిందా, తొడల సందులూ చేత్తో తడుముతూ, జారుడు పూర్తిగా పోయేదాకా నీళ్లు పోయండి. తర్వాత తువ్వాలుతో అద్దండి, రుద్దితే బొచ్చు చిక్కుపడుతుంది. ఒకటి తడిసిపోతే రెండోది. ఫ్యాన్ కింద లోపలి బొచ్చు కూడా ఆరేదాకా ఉంచాలి, బొచ్చు విడదీసి చర్మం ముట్టుకుని చూడండి. పైకి ఆరినట్టుండి లోపల చెమ్మ మిగిలితే రాత్రికి రాత్రే ఎర్రటి రసి పుండ్లు లేస్తాయి. అక్టోబరు తుపాను ముసురు పట్టిన వారం స్నానం వాయిదా వేయండి. చివరిగా దూది తీసి, మందుతో చెవి మడతలు తుడవండి. వేలాడే చెవుల్లో తడి నిలిస్తే చీము పడుతుంది.

బొచ్చు విపరీతంగా ఊడే కాలం ఏడాదికి రెండుసార్లు వస్తుంది. ఆ రెండుసార్లు శ్రీకాకుళం వెళ్లండి, నేను కాదనను. 4,400 అవుతుంది. సామాను, కరెంటు కలిపి 1,600. పిడుదుల మందుకి నెలకు 700 చొప్పున 8,400. మొత్తం 14,400. అంటే ఏడాదికి 38,400, నెలకు 3,200 మిగులుతాయి.

ఆ 3,200లో 500 బ్యాంకులో ఏడాది ఆర్డీ (నెలనెలా కట్టే డిపాజిట్) వేయండి, కుక్క వైద్యానికి. పోస్టాఫీసు ఆర్డీ మంచిదే కానీ మూడేళ్ల లోపు మూయనివ్వరు. పిడుదు జ్వరం అంత గడువు ఇవ్వదు. అది ఎర్లికియా (పిడుదు కాటుతో సోకే జబ్బు) అని తేలితే రక్తపరీక్షలతో పాటు 28 రోజుల యాంటీబయాటిక్ కోర్సు ఉంటుంది. డబ్బు చాల్లేదని మధ్యలో ఆపితే జబ్బు తిరగబెడుతుంది.

మిగతా 2,700 తాకట్టు అసలుకి కట్టండి. ఇప్పుడు నెలకు 600 వడ్డీ పడుతోంది, దానికి ఇది కలిపి నెలనెలా 3,300 కడితే 21వ నెలలో అప్పు తీరి నగలు ఇంటికి వస్తాయి. కట్టిన ప్రతిసారీ అసలులో జమ చేశారా, రేపటి వడ్డీకి ముందుగా పట్టుకున్నారా అన్నది రసీదులో చూసుకోండి. కొన్నిచోట్ల నోటితో చెప్పకపోతే రెండోదే చేస్తారు.

ఈ నెల వరుస ఇలా పెట్టుకోండి: ముందు స్నానం, మూడు రోజులాగి చుక్కల మందు. రెండు తేదీలూ క్యాలెండర్ మీద రాయండి. వచ్చే నెల స్నానం మళ్లీ మందు వేసే తేదీకి మూడు రోజుల ముందే రావాలి.