మామయ్యగారి నడక బాగా తగ్గింది, మతిమరుపు కూడా ఉంది... వయసేనా?

ప్రశ్న: మా మామయ్యగారికి 73 ఏళ్ళండి. షుగర్ ఉంది, చాలా ఏళ్ళుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. పొద్దున్నే పాల ప్యాకెట్లకి ఆయనే వెళ్ళేవారు, నేను టీ పెట్టేలోపే వచ్చేసేవారు. ఏడాది నుంచి అడుగులు చిన్నవైపోయాయి, చెప్పులు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు, నడిచేటప్పుడు ఏదైనా అడిగితే ఆగిపోయి అప్పుడు జవాబు చెప్తారు. చెప్పిందే మళ్ళీ చెప్తున్నారు కూడా. మావారేమో వయసన్నాక అంతే అంటారు. నడక తగ్గితే డిమెన్షియా, అదే పెద్దవయసులో వచ్చే మతిమరుపు జబ్బు, వస్తుందని చదివాను, భయంగా ఉంది. బలవంతంగానైనా రోజూ నడిపించమంటారా?
- ఒక కోడలు, తెనాలి

జవాబు: వయసని వదిలెయ్యకండమ్మా. అలాగని డిమెన్షియా అని ఇప్పుడే ఖాయం చేసుకోవద్దు. నడక నెమ్మదించడం వల్ల డిమెన్షియా రాదు, కానీ మెదడులో మొదలైన మార్పు కొంతమందిలో ముందు కాళ్ళలో బయటపడుతుంది, ఎందుకంటే అడుగు వెయ్యడం, బ్యాలెన్స్ చూసుకోవడం, ఎదురొచ్చే బండిని తప్పుకోవడం ఇదంతా మెదడు చేయించే పనే. న్యూయార్క్‌లో జో వర్గీస్ అనే డాక్టర్ గారు ఇలా నెమ్మది నడకా మతిమరుపు ఫిర్యాదూ రెండూ ఉన్నవాళ్ళ మీద చాలా పని చేశారు. 2014లో వచ్చిన వాళ్ళ స్టడీలో 17 దేశాల నుంచి 26 వేలమందికి పైగా పెద్దవాళ్ళని చూస్తే దాదాపు పదిమందిలో ఒకరికి ఈ రెండూ కలిసి కనిపించాయి, వాళ్ళలో డిమెన్షియా వచ్చే అవకాశం మిగతావాళ్ళకన్నా సుమారు రెట్టింపు ఉంది. అవకాశం అన్నాను, అందరికీ వస్తుందని కాదు.

మీరు రాసినదాంట్లో నన్ను ఆపేసింది ఆయన ఆగి జవాబు చెప్పడం. నడకకే మెదడు శక్తంతా పోతుంటే మాటకి మిగలదు. ఇలా ఆగిపోయేవాళ్ళు ఎక్కువగా పడుతున్నారని స్వీడన్ వాళ్ళు 1997లోనే గమనించారు, కాబట్టి రోడ్డు దాటేటప్పుడు ఆయనతో మాట్లాడకండి, ఈ మాట ఇంట్లో పిల్లలకి కూడా చెప్పండి.

ఇంట్లో ఒకటి చూడండి. వరండాలో 4 మీటర్లు కొలిచి రెండు చివర్లా గీత పెట్టి, మొదటి గీతకి రెండడుగులు వెనక నుంచి మామూలుగా నడవమని, గీత నుంచి గీతకి ఎంతసేపు పట్టిందో సెల్లో టైం చూడండి. 5 సెకన్లు దాటితే నెమ్మదే. మోకాళ్ళ నొప్పి వల్ల నెమ్మదిస్తే అది వేరే సంగతి, అది ఆయన్నే అడగండి.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం, ఇందులో కొన్ని బాగయ్యేవి ఉన్నాయి. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే బి12 విటమిన్ తగ్గొచ్చు, దానివల్ల నడకా జ్ఞాపకశక్తీ రెండూ దెబ్బతింటాయి, ఒక రక్తపరీక్షతో తెలిసిపోతుంది, టాబ్లెట్లూ ఇంజక్షన్లూ ఉన్నాయి. అలాగని మెట్‌ఫార్మిన్ మీరే ఆపెయ్యొద్దు. ఇంకోటి, మెదడు లోపలి గదుల్లో నీరు పేరుకోవడం. అప్పుడు పాదాలు నేలకి అతుక్కుపోయినట్టు నడుస్తారు, మతిమరుపు వస్తుంది, బాత్రూంకి వెళ్ళేలోపే యూరిన్ అయిపోతుంటుంది. ఈ యూరిన్ సంగతి కోడలికి ఏ మామగారూ చెప్పరు, మీవారినే మెల్లగా అడగమనండి. స్కాన్‌లో అదే అనిపించి మిగతా పరీక్షల్లో కూడా తేలితే చిన్న ట్యూబ్ పెట్టి ఆ నీటిని పొట్టలోకి మళ్ళిస్తారు, చాలామందిలో ముందు బాగుపడేది నడకే. ఇవి కాక మెదడులో సన్న రక్తనాళాలు మూసుకుపోవడం, పార్కిన్సన్స్ అనే వణుకు జబ్బు, నిద్రమాత్రలు కూడా నడకని ఇలా చెయ్యొచ్చు. అందుకే న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆయన వేసుకునే మందులన్నీ సంచిలో వేసుకెళ్ళండి, నడక ఫోన్లో వీడియో తీసి చూపించండి, డాక్టర్ ముందు చాలామంది సర్దుకుని బాగానే నడిచేస్తారు.

ఇక నడిపించడం. నడక మంచిదే, బీపీ షుగర్ కంట్రోల్‌తో పాటు డిమెన్షియా రిస్క్ తగ్గించేవాటిలో అదీ ఒకటి, కానీ బలవంతం వద్దు. ముందు చూపించండి, అప్పటిదాకా చెప్పులకి వెనక బెల్టు ఉన్నవి కొని ఇవ్వండి, పాల ప్యాకెట్లకి ఆయన్నే వెళ్ళనివ్వండి, పక్కన ఒకరు ఉంటే చాలు.