ఆర్టికల్స్ ట్యాక్స్‌లోనా? అయితే టీమ్ పేరు కూడా అడగండి

ప్రశ్న: మా అమ్మాయి ఎంఈసీ తర్వాత సీఏలో చేరి, సీఏ ఇంటర్మీడియట్ రెండు గ్రూపులూ ఒకేసారి పాసైంది. హైదరాబాద్‌లోని ఒక బిగ్ ఫోర్ ఫర్మ్‌లో (నాలుగు అతిపెద్ద ఆడిట్ సంస్థల్లో ఒకటి) ట్యాక్స్ విభాగంలో ఆర్టికల్స్‌కు, అంటే సీఏ ప్రాక్టికల్ శిక్షణకు, ఆఫర్ వచ్చింది. మా ఊళ్లో తెలిసిన ఆడిటర్ గారేమో, 'నా దగ్గర చేరితే అన్నీ వస్తాయి, అక్కడ రెండేళ్లూ ఒకటే పని చేయిస్తారు' అంటున్నారు. రాత్రి పదింటిదాకా ఆఫీసులోనే ఉంచుతారని కూడా విన్నాం. పంపమంటారా?
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: పంపండి. కానీ ఆఫర్‌కు సరే అనేముందు ఒక్క విషయం తేల్చుకోండి: ట్యాక్స్‌లో ఏ టీమ్? మిగతా ప్రశ్నలకు జవాబులు చాలావరకు దీన్ని బట్టే ఉంటాయి.

ఆడిటర్ గారి మాటలో నిజం లేకపోలేదు. చిన్న ఆఫీసులో ఒక్క వారంలోనే రైస్ మిల్లు లెక్కలు, జీఎస్టీ రిటర్న్, బ్యాంకు లోనుకు ప్రాజెక్ట్ రిపోర్ట్ అన్నీ చేతుల మీదుగా వెళ్తాయి. రేపు సొంతంగా ప్రాక్టీస్ పెట్టుకోవాలని మీ అమ్మాయికి గట్టిగా ఉంటే, నేను కూడా ఆయన దగ్గరే చేరమంటాను. పెద్ద ఫర్మ్‌లో అలా ఉండదు. ఒక పెద్ద కంపెనీ ట్యాక్స్ పనిలో ఒక ముక్క మాత్రమే చేతికి వస్తుంది. ఆ ముక్కను మాత్రం లోతుగా చేయిస్తారు.

అదెలా ఉంటుందో చెప్తాను. ఇలాంటి ఫర్మ్‌లో ఆరు నెలలు పనిచేసిన ఒక కుర్రాడు ఆ మధ్య నన్ను కలిశాడు. మొదటి రెండు నెలలు అతని పని 26ఏఎస్ రీకన్సిలియేషనే, అంటే ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 26ఏఎస్ పట్టికను కంపెనీ లెక్కలతో సరిపోల్చడమే. కంపెనీకి డబ్బు చెల్లించినవాళ్లు ముందే కోసి పన్నుగా కట్టిన టీడీఎస్ 26ఏఎస్‌లో కనపడుతుంది. కంపెనీ పుస్తకాల్లో ఉన్నది వేరే షీట్. రెండూ పక్కపక్కన పెట్టి ఎక్సెల్‌లో వీలుకప్ (VLOOKUP) కొడితే వేల వరుసలు కలిసిపోయాయి, నలభై మిగిలాయి. అసలు పని ఆ నలభైతోనే మొదలైంది. ఒక కస్టమర్ అడ్వాన్స్ మీద మార్చిలో టీడీఎస్ కోశాడు, కంపెనీ ఆ ఆదాయాన్ని ఏప్రిల్ తర్వాత చూపింది. మరి ఆ క్రెడిట్ ఏ సంవత్సరానిది? ఇంకొకరు టెక్నికల్ సర్వీసు అని 2 శాతం కోశారు, కంపెనీ దాన్ని ప్రొఫెషనల్ ఫీజుగా చూసి 10 శాతం లెక్కేసుకుంది. ఎవరిది కరెక్ట్? అగ్రిమెంట్ తెప్పించుకుని చదివితే గానీ తేలదు. 'బోర్ కొడుతోందనుకున్నా సార్, కానీ టీడీఎస్ నాకు వచ్చింది అక్కడే' అన్నాడు. పుస్తకంలో చదివిన సెక్షన్‌కు ప్రాణం వచ్చేది ఇలాంటి చోటే.

ఇది కార్పొరేట్ ట్యాక్స్ టీమ్‌లో రిటర్నులు, ట్యాక్స్ ఆడిట్ వైపు పని. అదే టీమ్‌లో అసెస్‌మెంట్లు, అప్పీళ్లు కూడా ఉంటే అదృష్టమనే అంటాను. ఇప్పుడు అసెస్‌మెంట్లు చాలావరకు ఫేస్‌లెస్. ఆఫీసర్‌ను కలిసి నచ్చజెప్పే వీల్లేదు, చెప్పదలచుకున్నదంతా కాగితం మీదే చెప్పాలి. ఆర్టికల్‌గా ఉన్న విద్యార్థి రాసిన డ్రాఫ్ట్‌ను సీనియర్ దిద్ది నాలుగుసార్లు వెనక్కి పంపుతారు. అనెక్సర్ నంబర్ తప్పినా ఊరుకోరు. రెండేళ్లు ఈ దిద్దుబాటు పడిన పిల్లల రాతలో తేడా స్పష్టంగా తెలుస్తుంది.

ట్రాన్స్‌ఫర్ ప్రైసింగ్ అంటే ఒకే గ్రూపులోని ఇక్కడి, విదేశీ కంపెనీల మధ్య లావాదేవీల ధర సరైనదా కాదా అని చూడటం. హైదరాబాద్‌లో విదేశీ కంపెనీల ఆఫీసులు చాలా ఉన్నాయి కాబట్టి పనికి కొరత లేదు. కానీ రెండేళ్లూ అందులోనే ఉంటే మిగతా చట్టం చేతికి తగలదు. ఇన్‌డైరెక్ట్ ట్యాక్స్ టీమ్ అంటే ముఖ్యంగా జీఎస్టీ. విదేశాల నుంచి వచ్చే, వెళ్లే ఉద్యోగుల రిటర్నులు చూసే టీమ్ కూడా ఉంటుంది. అందులోకి వేస్తే, ఏడాది తర్వాత వేరే టీమ్‌కు మారుస్తారా అని ముందే అడగండి.

హైదరాబాద్‌లో చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఇవే బ్రాండ్ల పేరుతో ఇక్కడ అమెరికా ట్యాక్స్ రిటర్నులు చేసే పెద్ద ఆఫీసులున్నాయి. 1040, 1065 ఫారాల పని అక్కడిది. ఉద్యోగంగా అది మంచిదే, కానీ సీఏ ఆర్టికల్స్ కిందకు రాదు. ఆర్టికల్స్ కావాలంటే ప్రాక్టీస్‌లో ఉన్న సీఏ దగ్గర ఫారం 102, 103లతో సీఏ ఇన్‌స్టిట్యూట్‌లో (ఐసీఏఐ) రిజిస్టర్ కావాలి. ఆఫర్ లెటర్‌లో 'ఆర్టికల్డ్ అసిస్టెంట్' అని ఉందా, ప్రిన్సిపల్ (శిక్షణ ఇచ్చే సీఏ) ఎవరు అన్నవి మీ కళ్లతో చూసుకోండి.

పని వేళల సంగతి. ఇన్‌స్టిట్యూట్ రూల్ ప్రకారం వారానికి 35 గంటలు. సీజన్‌లో అది కాగితం మీదే ఉంటుంది, మీతో అబద్ధం చెప్పలేను. ట్యాక్స్ ఆడిట్ రిపోర్టులకు సెప్టెంబర్ 30, కంపెనీ రిటర్నులకు అక్టోబర్ 31, ట్రాన్స్‌ఫర్ ప్రైసింగ్ ఉన్న కంపెనీలకు నవంబర్ 30. గడువు పొడిగిస్తే టెన్షన్ కూడా అన్నాళ్లూ సాగుతుంది. ఆ మూడు నెలలూ రాత్రి పది మామూలే. దసరాకు ఇంటికి వస్తుందని ఆశ పెట్టుకోకండి, సంక్రాంతికి రావచ్చు. ఆలస్యమైతే క్యాబ్ ఇస్తారా అని హెచ్‌ఆర్‌ను మొహమాటం లేకుండా అడగండి. ఆడపిల్ల తండ్రిగా అది మీ హక్కు. హాస్టల్ కూడా మాదాపూర్, రాయదుర్గం చుట్టుపక్కల ఆఫీసుకు దగ్గర్లోనే చూడండి. స్టైపెండ్‌లో ఎక్కువ భాగం హాస్టల్‌కే పోయినా పర్వాలేదు, ప్రయాణంలో పోయే రెండు గంటలు చదువుకు మిగులుతాయి.

చదువు గురించి మరీ భయపడనక్కర్లేదు. 2023 జూలై నుంచి వచ్చిన కొత్త స్కీమ్‌లో ఆర్టికల్స్ మూడేళ్లు కాదు, రెండేళ్లే. సెలవులు ఏడాదికి 12 మాత్రమే. కానీ ఆర్టికల్స్ పూర్తయ్యాక ఆరు నెలలు గడిచాకే ఫైనల్ రాయాలి, ఆ ఆరు నెలలూ పూర్తిగా చదువుకే. సెల్ఫ్ పేస్డ్ మాడ్యూల్స్ (ఫైనల్‌కు ముందు సొంతంగా చదివి పాసవ్వాల్సినవి) నాలుగు సెట్లనూ మాత్రం పని తక్కువగా ఉండే నెలల్లోనే ముగించేయమనండి. ఫైనల్‌లో రెండు ట్యాక్స్ పేపర్లకు ఈ అనుభవం బాగా పనికొస్తుంది. ఆడిటింగ్ పేపర్ మాత్రం కష్టపడి చదవాలి, ఆడిట్ ఫైలు చూడని పిల్లలకు అది అంత తేలిగ్గా ఒంటబట్టదు.

ట్యాక్స్‌లోకి ఇప్పుడే వెళ్లమనడానికి ఇంకో కారణం ఉంది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 చట్టం వచ్చింది, అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. ఆదాయం వచ్చిన ఏడాదికి ప్రీవియస్ ఇయర్, దానిపై పన్ను తేల్చే మరుసటి ఏడాదికి అసెస్‌మెంట్ ఇయర్ అనే పేర్లు పోయి 'ట్యాక్స్ ఇయర్' వచ్చింది. సెక్షన్లు 536. జీతాలు కాక మిగతా టీడీఎస్ దాదాపు అంతా 393వ సెక్షన్ కిందకు చేరింది. పాత సంవత్సరాల కేసులు పాత చట్టం కిందే నడుస్తాయి. ఇరవై ఏళ్ల అనుభవమున్న సీనియర్ కూడా కొత్త నంబర్లు వెతుక్కునే సమయమిది. రెండు చట్టాలూ పక్కపక్కన పెట్టుకుని చదివే ఆర్టికల్‌కు ఆ టీమ్‌లో విలువ ఉంటుంది. ఇలాంటి అవకాశం అన్ని బ్యాచ్‌లకూ రాదు.

మీ ఆడిటర్ గారితో మాత్రం మాట తెగిపోనివ్వకండి. చేరేలోపు ఖాళీ దొరికితే నాలుగు వారాలు ఆయన ఆఫీసులో కూర్చోబెట్టండి. ఒక చిన్న వ్యాపారి ఫైలు బిల్లుల సంచి దగ్గర్నుంచి రిటర్న్ వేసేదాకా ఒక్కసారి చూస్తే, పెద్ద ఫర్మ్‌లో తన చేతికొచ్చే ముక్క ఎందులోదో తెలుస్తుంది. ఇన్‌స్టిట్యూట్ పెట్టే ఐసీఐటీఎస్ఎస్ శిక్షణలోని రెండు కోర్సులూ, అంటే ఐటీ, ఓరియెంటేషన్, ఇంకా పూర్తి కాకపోతే మాత్రం ముందు వాటికి రిజిస్టర్ చేయించండి. అవి కాకుండా ఆర్టికల్స్ మొదలవ్వవు.