సైకిల్ పందెం దగ్గర క్యాన్సర్ సంస్థ వలంటీరుగా నిలబడితే ఎవరికి ఉపయోగం?

వైద్యం తెలియనివారు, పెద్ద మొత్తంలో విరాళం ఇవ్వలేనివారు ఒక క్రీడోత్సవంలో క్యాన్సర్ సంస్థ బల్ల వెనుక నిలబడి సాధించేదేమిటని మీరు అడిగారు. 2013 మే 17న అమెరికాలోని కాలిఫోర్నియాలో, శాన్ హోసే నగరంలో నేను అలా ఒక పగలంతా నిలబడ్డాను. ఉపయోగం ఉందని గట్టిగా చెప్పగలను, అయితే అది మీరు ఊహిస్తున్న ఉపయోగం కాకపోవచ్చు.

ఆ రోజు టూర్ ఆఫ్ కాలిఫోర్నియా పందెంలో ఆరో అంచె. 31.6 కిలోమీటర్ల టైమ్ ట్రయల్ అది; సైక్లిస్టులు ఒక్కొక్కరే బయలుదేరి, ఎవరికి వారే తొక్కుకుంటూ వెళ్ళి, చివర మెట్‌కాఫ్ రోడ్డు మీద నిట్టనిలువు కొండ ఎక్కాలి. మామూలు అంచెలో గుంపంతా రెప్పపాటులో కళ్ళ ముందు నుంచి వెళ్ళిపోతుంది, జనమూ అంతే వేగంగా ఇళ్ళకు వెళ్ళిపోతారు. టైమ్ ట్రయల్‌లో మాత్రం ప్రేక్షకులు గంటల తరబడి అక్కడక్కడే తిరుగుతూ ఉంటారు, ఒక సైక్లిస్టుకూ మరొక సైక్లిస్టుకూ మధ్య దొరికే వ్యవధిలో మన బల్ల దగ్గర ఆగుతారు. స్వచ్ఛంద సంస్థలు పందెం చివరి రోజు సందడి కోసం ఎగబడటం మాని ఇలాంటి రోజును ఎంచుకోవాలని నా అభిప్రాయం.

ఆ పందానికి ప్రధాన ప్రాయోజకులు ఆమ్‌జెన్ అనే ఔషధ సంస్థవారు. వారు 2005లో మొదలుపెట్టిన బ్రేకవే ఫ్రమ్ క్యాన్సర్ కార్యక్రమానికి నాలుగు లాభాపేక్ష లేని సంస్థలు తోడయ్యాయి: ఒకటి నివారణ గురించి చెబుతుంది, ఒకటి రోగులకూ కుటుంబాలకూ మానసికంగా అండగా నిలుస్తుంది, ఒకటి బీమా తిరస్కరణలూ ఆసుపత్రి బిల్లుల విషయంలో సాయపడుతుంది, మరొకటి వ్యాధి నుంచి బయటపడినవారి హక్కుల కోసం పనిచేస్తుంది. ఆ సమాచార పత్రాలను అడిగినవారికి అందించడమే నా పని. అన్నిటికంటే ముందుగా అయిపోయినవి బీమా గురించిన కాగితాలే. అమెరికాలో జబ్బు కంటే బిల్లు ఎక్కువగా భయపెడుతుందని నాకు ఆ రోజే అర్థమైంది.

చాలామంది ముందుగా అడిగిన ప్రశ్న క్యాన్సర్ నుంచి కోలుకున్న అమెరికా సైక్లిస్టు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ గురించే. అతడి ఏడు టూర్ డి ఫ్రాన్స్ విజయాలు రద్దయి ఏడు నెలలే అయింది, ఉత్ప్రేరకాలు వాడానని అతడు టీవీలో ఒప్పుకుని నాలుగు నెలలు అయింది. అతడి క్యాన్సర్ సంస్థ అమ్మిన పసుపు రబ్బరు పట్టీలు మీవేనా అని ఒకాయన కోపంగా అడిగాడు. నా బాధ వేరు. మా అమ్మకు కీమోథెరపీ జరుగుతున్నప్పుడు హిమోగ్లోబిన్ బాగా పడిపోతే, ఎర్ర రక్తకణాలను పెంచే ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్లు ఇచ్చారు, వాటితోనే ఆమె కొన్నాళ్ళు తన పనులు తాను చేసుకోగలిగింది. ఆ మందును అమెరికాలో 1989లో తొలిసారి విపణిలోకి తెచ్చింది ఆమ్‌జెన్ సంస్థే. మంచం మీది మనిషిని లేపి నడిపించడానికి పుట్టిన మందును, కొండలెక్కే బలం ఉన్న ఆటగాళ్ళు దొంగచాటుగా ఎక్కించుకున్నారు. ఒక్క మనిషి చేసిన మోసానికి క్యాన్సర్ రోగుల కోసం పెట్టిన ప్రతి బల్లనూ అనుమానించడం మాత్రం అన్యాయం.

అసలు చెప్పదలచుకున్నది ఇది. మా బృందంలోని ఒకామె ఇంటి నుంచి ఒక పెద్ద తెల్లని అట్ట తెచ్చి, క్యాన్సర్ బారిన పడిన తమవారి పేర్లు రాయమని బల్ల ముందు నిలబెట్టింది. మధ్యాహ్నం ఒక తెలుగు కుటుంబం వచ్చింది. కొడుకు ముందు నడుస్తున్నాడు, అరవై దాటిన తల్లి నేత చీర మీద స్వెటర్ వేసుకుని వెనుక వస్తున్నది. ఆమె నా చొక్కా మీది పేరు కూడబలుక్కుని చదివి, "తెలుగువాడివేనా బాబూ?" అని అడిగింది. కోడలి పురిటికి వచ్చానని, మరో నెలలో గుంటూరు వెళ్ళిపోతానని చెప్పింది. తరువాత ఆ అట్టను చాలాసేపు చూసి, గొంతు తగ్గించి, "ఇందులో పోయినవాళ్ళ పేర్లే రాయాలా, ఉన్నవాళ్ళవి కూడా రాయవచ్చా?" అన్నది.

రాయవచ్చమ్మా అని పెన్ను ఇచ్చాను. ఆమె తన పేరు తెలుగులో రాయడం మొదలుపెట్టింది. కొడుకు గబగబా వచ్చి, "అమ్మా, ఇప్పుడవన్నీ ఎందుకు? చెల్లి సంబంధం మాటల్లో ఉంది కదా," అన్నాడు. ఆరేళ్ళ క్రితం జరిగిన శస్త్రచికిత్సను బంధువులందరికీ మామూలు గర్భసంచి ఆపరేషన్ అని చెప్పారట. ఆమె తలెత్తకుండానే, "ఇక్కడ తెలుగు చదవగలిగేది ఈ అబ్బాయి ఒక్కడే కదరా," అని చివరి అక్షరానికి దీర్ఘం ఇచ్చి, పెన్ను మూత పెట్టి నా చేతికిచ్చింది. అవతల ర్యాంపు మీద ఒక సైక్లిస్టు బయలుదేరుతున్నాడు, అధికారి అతడి ముఖం ముందు అయిదు వేళ్ళు చాపి ఒక్కొక్కటిగా ముడుస్తున్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆమె కూడా అటు తిరిగి చప్పట్లు కొట్టింది.

మా అమ్మ రొమ్ములో గడ్డను ఎనిమిది నెలలు ఎవరికీ చెప్పలేదు. చెప్పిన తరువాత మా ఇంట్లో ఎవరూ ఆ జబ్బు పేరు ఎత్తలేదు. "అది" అనేవారు, మా నాయనమ్మ మాత్రం రాచపుండు అనేది. ఎన్.టి. రామారావు గారు క్యాన్సర్‌తో మరణించిన తమ భార్య పేరు మీద ఆసుపత్రిని సంకల్పించారు, 2000లో హైదరాబాదులో అది ప్రారంభమైంది, బసవతారకం అనే పేరును తెలుగువారు ఇప్పుడు రోజూ పలుకుతున్నారు. అయినా మన ఇళ్ళలో ఆ మాట గొంతు దాటదు. మన సంఘాల సంబరాలలో క్యాన్సర్ పరీక్షల బల్లను భోజనాల వరుస వెనుక ఎవరికీ కనబడని మూలన పెట్టడం నేను చాలాసార్లు చూశాను. అక్కడికి వచ్చినవారికి లక్ష్మణఫలం ఆకుల కషాయం గురించి చెప్పే పెద్దలు దొరుకుతారు గానీ, రొమ్ము ఎక్స్‌రే పరీక్ష అయిన మామోగ్రామ్ ఎప్పుడు చేయించుకున్నారని అడిగేవారు దొరకరు.

అందుచేత మీరు వెళ్ళండి. ధైర్యంగా ఉండమని ఎవరికీ చెప్పకండి, ఆహార నియమాలు అసలే చెప్పకండి. రెండు పెన్నులు, ఒక మడత కుర్చీ, మీ భాషలో మీ పేరున్న చీటీ వెంట ఉంచుకోండి. మనిషి నోరు విప్పేదాకా మీరు మాట్లాడకుండా ఉండగలిగితే చాలు.

ఆ సాయంత్రం, మొత్తం పందెంలో ముందున్నవాడికి ఇచ్చే పసుపు జెర్సీతో చివరగా బయలుదేరిన టీజే వాన్ గార్డెరెన్ ఆ అంచె గెలిచాడని మైకులో వినబడినప్పుడు మేము బల్లలు మడుస్తున్నాం. అట్ట తెచ్చిన ఆమె ఆ తెలుగు అక్షరాల మీద వేలు పెట్టి, ఎవరి పేరని అడిగింది. ఒక అమ్మగారిదని చెప్పాను. పక్కన ఇంగ్లీషులో కూడా రాయనా అని ఆమె పెన్ను తీసింది. వద్దు, అలాగే ఉండనివ్వమన్నాను.