ఎరెవాన్‌లో ఆర్మేనియన్ భోజనం: మేనకోడలికి ఉత్తరం

అమ్మలూ,

పరీక్షలయ్యాయి కదా, శుక్రవారం రాత్రి ఆరుగురూ కలిసి ఆర్మేనియన్ రెస్టారెంటుకు వెళ్తున్నారని మీ అమ్మ చెప్పింది. ఆ ఊళ్లో మెడిసిన్ చదువుతూ కూడా హాస్టల్లో పప్పన్నమే వండుకుంటున్నారని ఇన్నాళ్లూ బెంగపడ్డాను. ఇప్పుడు అందరి తరఫునా ఆర్డరిచ్చేది నువ్వేనట. సంతోషమే, కాస్త గుబులు కూడానూ.

శుక్రవారం కాబట్టి టేబుల్ ముందే చెప్పి ఉంచు. పాటలు పాడే చోటైతే తలకింత అని విడిగా వేస్తారేమో ఫోన్‌లోనే కనుక్కో.

మనవాళ్లు బోల్తా పడేది ఆర్డర్ దగ్గర. తలా ఒక సలాడ్, తలా ఒక ఖొరోవాత్స్ (బొగ్గుల మీద కాల్చిన మాంసం) అని ఒక్క ఊపులో చెప్పేస్తారు. అక్కడ ప్లేటంటే బల్ల మీద అందరికీ కలిపి. సలాడ్లు, చీజ్, లవాష్ రొట్టె పది నిమిషాల్లో వచ్చేస్తాయి. బొగ్గుల మీద కాలాల్సిన మాంసానికి అరగంట పైనే పడుతుంది. ఆకలి మీద ఆ అరగంటా లవాష్ చింపుకుని చీజ్ చుట్టుకు తింటూ కూర్చుంటే, అసలు పళ్లెం వచ్చేసరికి ఎవరికీ ముద్ద దిగదు. ఆ మాటా ఈ మాటా చెప్పుకునేలోపు మాంసం చల్లారి, కొవ్వు పేరుకుని పెదాలకు అంటుకుంటుంది. చిన్నప్పుడు పెళ్లి పంక్తిలో మొదట వేసిన బూరెలతోనే కడుపు నింపుకుని, పులిహోర వచ్చేసరికి మీ అమ్మ ఒళ్లో నిద్రపోయేదానివి. అందుకే ఇంతగా చెబుతున్నా.

కూర్చోగానే ముందు మాంసం చెప్పు. ఎముక లేనిదైతే మనిషికి 250 గ్రాములు, ఎముకతో అయితే 350. మెనూలో ధర పక్కన ఉన్నది ప్లేటుకా, 100 గ్రాములకా, కిలోకా చూడు. సెవాన్ సరస్సు చేప ఇష్‌ఖాన్‌నీ చాలాచోట్ల తూకం మీదే ఇస్తారు, బిల్లు చూసి గుడ్లు తేలేసేది అక్కడే. చల్లటి ప్లేట్లు ఆరుగురికీ మూడు చాలు: పచ్చి ఆకులతో చీజ్, వాల్‌నట్ ముద్ద పెట్టి చుట్టిన వంకాయ, ఊరగాయలు. చాలకపోతే మళ్లీ చెప్పుకోవచ్చు. మాంసం కింద పరిచిన లవాష్‌ను వదిలేయకండి, రసమంతా అదే పీల్చుకుంటుంది. అరచేతంత చింపి, ఉల్లిపాయ, రెహాన్ అనే ఊదారంగు తులసి జాతి ఆకు, ఒక ముక్క పెట్టి చుట్టి తినండి. మిగతా లవాష్ గుడ్డ కప్పే ఉంచండి, గాలి తగిలితే పెళుసెక్కిపోతుంది.

ఇక నాకు నిద్ర పట్టనివ్వనిది మాంసం సంగతి. మీలో ఒకమ్మాయి గుడ్డు కూడా ముట్టదు, హైదరాబాద్ అబ్బాయి పంది తినడు, నువ్వు గొడ్డుమాంసం తినవు. అక్కడ ఉత్త ఖొరోవాత్స్ అంటే పందే వస్తుంది. ద్రాక్షాకులో చుట్టే తోల్మాలో ఎక్కువగా గొడ్డు కైమా ఉంటుంది. బస్తుర్మాకు పట్టించిన ఎర్రటి పూతలో మెంతిపిండి, వెల్లుల్లి ఉంటాయి. మన ఇంటి వాసనే కదా అని నోట్లో వేసుకునేవు, లోపలిది ఎండబెట్టిన గొడ్డుమాంసం. ఖోజీ అంటే పంది, తవారీ గొడ్డు, గారీ గొర్రెపిల్ల, హావ్ కోడి. ఫోన్‌లో రాసి పెట్టుకో. మాంసం వద్దనడానికి ‘అరాంత్స్ మ్సి’ అనాలి. కోడి సంగతి మాత్రం విడిగా అడుగు, కొందరి లెక్కలో అది మాంసం కాదు.

ఆ అమ్మాయికి ‘పసూత్స్ తోల్మా’ చెప్పు. ఉపవాసపు రోజుల వంటకం, క్యాబేజీ ఆకులో శనగలు, బీన్స్, పప్పు పెట్టి చుడతారు. జెంగ్యాలోవ్ హాత్స్ అయితే ఇంకా మంచిది, రొట్టె మధ్యలో రకరకాల ఆకుకూరలు. స్పాస్ సూప్ పెరుగుదే అయినా, విరిగిపోకుండా గుడ్డు కలుపుతారు, అది వద్దు. కాల్చిన వంకాయ, టమాటాలు పంది కాలిన ఊచల మీదే కాలతాయి, పట్టింపు ఉంటే ముందే మాట్లాడాలి. హైదరాబాద్ అబ్బాయికి హరీసా చూపించు. గోధుమ, కోడి లేదా గొర్రె కలిపి గంటల తరబడి ఉడికించింది, హలీంకి చుట్టమే, మసాలా మాత్రం ఉండదు. దాన్లో కలుపుకోవడానికి బ్యాగులో కారప్పొడి డబ్బా పెట్టుకెళ్లావో, నీ పని చెబుతా. ఊరబెట్టిన మిరపకాయలు అక్కడే ఉంటాయి.

పక్క బల్లవాళ్లు గ్లాసెత్తి మిమ్మల్నీ కలుపుకుంటారు, ఆ ఊరి మర్యాద అది. కాదనకు. చేతిలో తాన్ ఉన్నా చాలు, మన ఉప్పు మజ్జిగే. తూతి ఓఘి మాత్రం ముట్టవద్దు. మల్బరీ సారా, ఇంట్లో కాచినదైతే 50 శాతం దాటేస్తుంది, నీళ్లలా కనిపిస్తుంది.

చివర్లో కాఫీకి చక్కెర ఎంతో ముందే చెప్పు. జజ్వే అనే పొడుగు పిడి గిన్నెలో చక్కెర వేసే కాస్తారు, తరవాత కలిపితే అడుగు మడ్డి పైకి లేస్తుంది. బిల్లులో సర్వీసు కింద తరచుగా 10 శాతం కలిపే ఉంటుంది, చూసుకోకుండా మళ్లీ టిప్పు పెట్టకు. రొట్టెకీ డబ్బు వేస్తారు, పేచీ పెట్టకు.

వచ్చేటప్పుడు జీజీ యాప్‌లోనో యాండెక్స్‌లోనో ట్యాక్సీ పిలు, అమ్మాయిలిద్దరూ ఒకే బండిలో రండి. చేరగానే నాకు మెసేజ్ పెట్టు. మీకు పదకొండైతే ఇక్కడ పన్నెండున్నర, మీ అమ్మను లేపకు.

మీ మామయ్య